ఓబులమ్మ గొంతు

మదరాసు, కోడంబాకం
1954 ఫిబ్రవరి

అన్నకు ఓబులమ్మ నమస్కారాలు.

రైలు దిగగానే కంపెనీ మనిషి వచ్చి తీసుకుపోయాడు. ఒక మేడమీద గది ఇచ్చారు. గదిలో నాతోపాటు ఇంకొక ఆమె ఉంది, బందరు మనిషి. ఆమెవీ తల్లి వేషాలే. మంచి మనిషి. ఇక్కడ సంగటి మాట ఎత్తితే ఎవరికీ తెలియదు. అమ్మతో మాత్రం బాగా తింటున్నానని చెప్పు.

నీవు స్టేషనుకు రాలేదు. కోపం ఉంటుందని తెలుసు. ఉగాది తర్వాత కడపలో నాటకాల కాంపు ఒప్పుకుని ఉన్నావు, ఈ సమయంలో నాటకం వదిలి వచ్చాను. కానీ సినిమావాళ్లు మన కర్నూలుకు వచ్చి, నాటకం చూసి, రమ్మని పిలవడం మళ్లీ జరుగుతుందా? రాణి వేషానికి సుబ్బక్కను తయారు చేయి. ఆ పిల్లకు పద్యం వచ్చు, ఏడుపు రాదు. నేర్పితే వస్తుంది. మా ఆయన పోయిన ఏడే నేను ఆ వేషం కట్టాను, నాకు మాత్రం మొదట వచ్చిందా? నాయనే కదా నేర్పాడు.

నిన్న మొదటిసారి కెమెరా ముందు నిలబెట్టారు. నాది హీరో తల్లి వేషం. కొడుకును జైలుకు తీసుకుపోయారని తెలిసి తల్లి ఏడవాలి. డైరెక్టరు గారు చిన్నవాడు, కృష్ణాజిల్లా మనిషి. “మీ ఊళ్లో మీరు ఏడిస్తే జనం గుండెలు బాదుకుంటారట కదమ్మా, ఏదీ చూపించండి” అన్నాడు. చూపించాను. మన నాటకంలో రాణి కొడుకు శవం మీద పడేటప్పుడు చేస్తానే, అట్లాగే రెండు చేతులూ పైకెత్తి, మోకాళ్లమీద కూలబడి, గొంతు అందినంతదాకా ఎత్తాను. ముగిసేసరికి చప్పట్లు లేవు, వన్స్ మోర్ లేదు. శబ్దం చూసే ఆయన చెవులకు తగిలించుకున్నవి తీసి, చెవి రుద్దుకుంటున్నాడు. డైరెక్టరు గారు దగ్గరికి వచ్చి, “చాలా బాగుందమ్మా. కొంచెం తగ్గించండి” అన్నాడు.

ఎంత తగ్గించాలని అడిగాను.

“నేను చాలు అనేదాకా” అన్నాడు.

సాయంత్రందాకా తగ్గిస్తూనే ఉన్నాను. ఆయన చాలు అనలేదు.

చెల్లెలు
ఓబులమ్మ


కడప కాంపు
1954 ఏప్రిల్

చెల్లెలు ఓబులమ్మకు సుంకన్న రాస్తున్నది.

నీ జాబు కర్నూలులోనే అందింది, కాంపు పనుల్లో పడి జవాబు ఆలస్యమయింది. అమ్మ కులాసా. కళ్లు మునుపటికంటే ఇంకొంచెం తగ్గాయి. మనిషి ఎదురుగా నిలబడితే నీడలాగా తెలుస్తుందట, అంతే. నన్ను అడుగుల చప్పుడును బట్టి గుర్తుపడుతున్నది. నేను కాంపుకు వచ్చేటప్పుడు పక్కింటి కృష్ణవేణమ్మకు అప్పగించి వచ్చాను.

స్టేషనుకు రాలేదని రాశావు. ఆ రోజు కిరీటాల పెట్టె తాళం పోయింది. ఆ పనిలో ఉండిపోయాను.

ఇక్కడ ఎండలు చెప్పనక్కరలేదు. పొద్దుగూకినా నేల సెగ కక్కుతున్నది. ముఖానికి పూసిన అర్దళం రాజు సభకు రాకముందే చెమటకు కారిపోతున్నది. సుబ్బక్క ఏడుస్తున్నది, ఏదో ఒకటి. మొదటిరోజు తెర లేవగానే జనంలోనుంచి ఒకాయన లేచి, “ఏమప్పా సుంకన్నా, ఓబులమ్మ యాడ?” అని అరిచాడు. మదరాసులో ఉందని అక్కడినుంచే చెప్పాను. రాజు వేషంలో ఉండి ఆ మాట చెప్పవలసి వచ్చింది.

తగ్గించమన్నారని రాశావు. నాకు అర్థం కాలేదు. ఏమిటి తగ్గించేది? అందరికంటే వెనక, బండిమీద నిలబడి చూసేవాడికి కూడా రాణి కడుపుకోత తెలియాలని నాయన మనకు నేర్పాడు. వాడికి ముఖం కనపడదు, చేయి కనపడుతుంది. కన్నీళ్లు కనపడవు, గొంతు వినపడుతుంది. ఇంట్లో ఏడ్చినట్టే ఏడిస్తే జనం వాళ్ల ఇండ్లలోనే ఉండవచ్చు కదా, టిక్కెట్టు ఎందుకు?

ఇంకొక సంగతి. ఇక్కడికి వచ్చేముందు కర్నూలులో ఒక ఆట వేశాము. రాజధాని వచ్చిన తర్వాత గుడారాల్లో కాపురాలు పెట్టిన గుమాస్తాలు ముందు వరసలో కూర్చున్నారు. అందరూ కోస్తావాళ్లు. నేను కొడుకు మరణవార్త విని సింహాసనం మీదినుంచి పడినప్పుడు వాళ్లు నవ్వారు. వెనక మనవాళ్లు ఏడుస్తున్నారు, ముందు వాళ్లు నవ్వుతున్నారు. నేను పద్యం ఆపలేదు.

అన్న
సుంకన్న


మదరాసు
1954 జూలై

అన్నకు,

ఆ గుమాస్తాల సంగతి చదివి ఆ రోజంతా మనసు బాగాలేదు. నీవు పద్యం ఆపకపోవడం మంచిదయింది.

ఇక్కడ నా పేరు మార్చారు. ఓబులమ్మ అంటే తెరమీద బాగుండదట. ప్రభాదేవి అని పెట్టారు. ఎవరైనా ప్రభాదేవి గారూ అని పిలిస్తే ఇప్పటికీ పక్కకు చూస్తున్నాను. అహోబిలం స్వామికి మొక్కుకుని పెట్టిన పేరని చెప్పాను. “స్వామి ఏమీ అనుకోడులెండి” అన్నారు.

మొన్న ఒక సీను తీశారు, అది నీకు రాయాలి. తల్లి చేటలో బియ్యం ఏరుతూ ఉంటుంది. కొడుకుకు శిక్ష పడిందని ఒకడు వచ్చి చెబుతాడు. నేను చేట విసిరివేసి లేవబోయాను. డైరెక్టరు గారు వద్దన్నాడు. “మీరేమీ చేయకండి. బియ్యం ఏరే చేయి ఆపండి. అంతే” అన్నాడు. నేను చేయి ఆపాను. చాలు అన్నాడు! అన్నా, ఇన్ని నెలలకు మొదటిసారి. నాకు మాత్రం ఏమీ చేసినట్టే లేదు. పని ఎగ్గొట్టి కూలి తీసుకున్నట్టు అనిపించింది.

తర్వాత ఆ తీసిన ముక్క మాకు వేసి చూపించారు. నా ముఖం గోడంత ఉంది. రెప్ప వాలితే తలుపు మూసినట్టు ఉంది. అప్పుడు తెలిసింది. ఇక్కడ వెనక బండిమీద నిలబడేవాడు ఎవరూ లేరు. చూసేవాళ్లంతా నా ముఖానికి జానెడు దూరంలో కూర్చున్నట్టే. జానెడు దూరంలో ఉన్నవాళ్ల ముందు అరిస్తే ఎవరికైనా చెవి నొస్తుంది. నీవు చెప్పింది తప్పు కాదు. ఇక్కడ దూరం వేరు.

మాటల సంగతి ఇంకా కొంచెం తేలవలసి ఉంది. శబ్దం చూసే ఆయనకు నేను ఇంకా నచ్చలేదు. తేలిన తర్వాత రాస్తాను.

దసరాకు రెండు రోజులు సెలవు ఇస్తామన్నారు. వస్తాను. అమ్మకు చీర తెస్తాను.

ఓబులమ్మ


కర్నూలు
1954 నవంబరు

ఓబులమ్మకు,

నీవు పోయిన తర్వాత అమ్మ ఆ చీరను మడతలు విప్పకుండా ఒళ్లో పెట్టుకుని తడుముతున్నది. రంగేమిటని అడిగింది. చిలకపచ్చ అని చెప్పాను.

నీ సినిమా జనవరిలో మన ఊరికి వస్తుందని వాల్‌పోస్టర్లు అంటించారు. నీ బొమ్మ చిన్నదిగా ఒక మూలన ఉంది. జట్కా అయ్యన్న మన వీధి అంతా తిరిగి చెప్పాడు. అమ్మ తానూ వస్తానంటున్నది. “కండ్లు లేకపోతే ఏమిరా, చెవులు ఉండాయి కదా. నా బిడ్డ మాట్లాడేది ఇంటా” అంటున్నది. నీవు ఇక్కడ ఉన్నప్పుడు కూడా ఇదే మాట అన్నది. నీవు లేచి పెరట్లోకి పోయావు. నీళ్లకు పోయావేమో అనుకున్నాను.

సుబ్బక్క ఇప్పుడు పరవాలేదు. మొన్న బద్వేలులో ఏడుపుకు రెండు వన్స్ మోర్‌లు పడ్డాయి. నీవు చేసినట్టే చేస్తున్నది, చేయి తిప్పడంతో సహా.

సుంకన్న


మదరాసు
1954 డిసెంబరు

అన్నకు,

రెండు మాటలు రాస్తున్నాను. అమ్మను హాలుకు తీసుకుపోవద్దు. కొత్త సినిమాకు తోపులాట ఎక్కువ. ఎక్కడైనా పడితే కష్టం. కథ నీవు చూసి వచ్చి చెప్పు, చాలు. నా మాట విను.

ఓబులమ్మ


కర్నూలు
1955 జనవరి

ఓబులమ్మకు,

నీ మాట వినలేదు. అమ్మను తీసుకుపోయాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నీవు తెచ్చిన చీర కట్టుకుంది. అయ్యన్న జట్కాలో అమ్మ, కృష్ణవేణమ్మ, సుబ్బక్క ఎక్కారు. మిగిలినవాళ్లం నడిచాము. మన వీధిలో మంచం పట్టినవాళ్లు తప్ప అందరూ వచ్చారు. నేను అమ్మ పక్కన కూర్చుని, ఇప్పుడు ఇల్లు, ఇప్పుడు రోడ్డు, ఇప్పుడు హీరో వచ్చాడు అని చెవిలో చెబుతున్నాను. నీవు తెరమీదికి రాగానే మనవాళ్లు ఓబులమ్మా, ఓబులమ్మా అని ఈలలు వేశారు. అమ్మ నా చేయి పట్టుకుంది.

నీ పెదవులు కదిలాయి. మాట వేరే మనిషిది.

నేను ముందు నా చెవులే సరిగా లేవనుకున్నాను. అమ్మ కొంచెంసేపు విని, “ఈమె ఎవరు?” అని అడిగింది.

“ఓబులమ్మేనమ్మా.”

“మన ఓబులి ఎప్పుడు మాట్లాడతాది?”

“ఇప్పుడు మాట్లాడతాండేది ఓబులమ్మే.”

అమ్మ ఇంకొంచెం విన్నది. తర్వాత గట్టిగా, హాలంతా వినపడేటట్టు అన్నది. “నా బిడ్డ గొంతు నాకు తెల్దా? ఇది ఎవరిదో. మన పాప నోరు ఎవరు మూసినారు రా సుంకా?”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బయటికి వచ్చిన తర్వాత అయ్యన్న, “అన్నా, ఓబులమ్మ గొంతు అట్లయిందేమి?” అని అడిగాడు. “యంత్రంలో పడితే అట్లనే మారుతాది” అని చెప్పాను. అతను నమ్మాడు. సుబ్బక్క నమ్మలేదు, తల వంచుకుని జట్కా ఎక్కింది.

ఇంకొకటి కూడా రాయాలి. నీవు బియ్యం ఏరుతూ చేయి ఆపినప్పుడు నా ముందు వరసలో ఉన్న చిల్లరంగడి ఆయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నేను చూశాను. కానీ ఆ చేయి అమ్మకు కనపడదు.

రోజూ అడుగుతున్నది, పాప నోరు ఎవరు మూసినారని. ఏమి చెప్పమంటావు? దసరాకు వచ్చినప్పుడే నీకు తెలుసు కదా. పెరట్లోకి పోయింది అందుకే కదా. మాతో ఒక మాట అని ఉంటే మేము ఊరంతా పిలుచుకుని పోయేవాళ్లం కాదు. నాయన నీకు ఇచ్చిపోయింది ఆ గొంతు ఒక్కటే. దాన్ని ఎవరి చేతిలో పెట్టి వచ్చావు?

సుంకన్న


మదరాసు
1955 ఫిబ్రవరి

అన్నకు,

నీ జాబు చదివి జవాబు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది.

దసరాకు ముందే తెలుసు. ఇంట్లో చెబుదామనే వచ్చాను. అమ్మ వింటానన్నది, నాకు నోరు రాలేదు.

జరిగింది ఇది. ముఖం తగ్గించడం నేర్చుకున్నాను గానీ, మాట తగ్గించడం రాలేదు. మెల్లగా మొదలుపెట్టినా, బాధ మాట రాగానే గొంతు దానంతట అదే పైకి పోయేది. శబ్దం పగిలిపోతున్నదని శబ్దం చూసే ఆయన అనేవాడు. దానికితోడు ఒకచోట ‘ఎక్కడ’ అనవలసింది ‘యాడ’ అన్నాను. అందరూ నవ్వారు. మళ్లీ తీశారు, మళ్లీ అదే అన్నాను. చివరికి కంపెనీవాళ్లు, ముఖం ఈమెది ఉంచి, మాట ఇంకొకరితో చెప్పిద్దామని అనుకున్నారు. చెప్పింది ఎవరో కాదు, నా గదిలో ఉన్న బందరు ఆమె. ముందుగా నా దగ్గరికి వచ్చి, “నువ్వు వద్దంటే నేను పోను ఓబులమ్మా” అంది. నేను వద్దంటే ఇంకొకరిని పిలుస్తారు. పొమ్మన్నాను. రికార్డింగు గది అద్దానికి ఇవతల కూర్చుని చూశాను. తెరమీద నా నోరు కదులుతుంటే ఆమె దానికి సరిగ్గా మాట పెడుతున్నది. బాగా చెప్పింది అన్నా. ఆమెమీద నాకు కోపం లేదు.



ఇప్పుడు అదే కంపెనీ ఇంకొక సినిమాకు పిలిచింది. పెద్ద వేషం, సినిమా అంతా ఉంటాను. ముఖం నాది, మాట ఆమెది. అట్లా ఒప్పుకుంటేనే ఇస్తారట.

అమ్మతో ఏమి చెప్పాలో నాకూ తెలియదు. ఎవరూ మూయలేదని మాత్రం చెప్పవద్దు.

ఓబులమ్మ


బద్వేలు కాంపు
1955 మార్చి

ఓబులమ్మకు,

కోపంలో రాశాను. నాయన మాట ఎత్తకుండా ఉండవలసింది.

నీవు వచ్చేయి. రాణి వేషం నీదే. సుబ్బక్కతో చెప్పాను. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది గానీ, “అక్క వస్తే నేను చెలికత్తె వేషం కడతాలే అన్నా” అన్నది. ఇక్కడ నీ గొంతును తగ్గించమనేవాడు ఎవడూ లేడు. యాడ అంటే నవ్వేవాడూ లేడు. మొన్న ఆట మధ్యలో గాలి వచ్చి తెర చిరిగింది, పెట్రోమాక్స్ దీపాలు ఆరిపోయాయి. చీకట్లోనే పద్యాలు పాడాము. ఒక్కడు లేచిపోలేదు. ఇట్లాంటిచోట నీవు ఉండాలి.

సుంకన్న


మదరాసు
1955 మార్చి

అన్నకు,

నీవు రమ్మని రాసినందుకు ఏడ్చాను. తగ్గించకుండానే ఏడ్చాను.

కానీ రాలేను. తలుపు వేసుకుని రాణి ఏడుపు ఒకసారి చేసి చూశాను. గొంతు ఎత్తగానే నాకే కొత్తగా, ఎవరో చేస్తున్నట్టు వినపడింది. చేయి పైకి పోయింది, మనసు పోలేదు. నాటకం తప్పని నేను అనడం లేదు. ఇప్పుడు నేను దానికి పనికిరాను. ఆ వేషం సుబ్బక్కది. దాన్ని చెలికత్తెను చేయవద్దు.

ఆ పెద్ద వేషం నాకు వద్దని చెప్పాను. కంపెనీవాళ్లకు కోపం వచ్చింది. గది ఖాళీ చేయమన్నారు. బందరు ఆమే తనకు తెలిసినవాళ్ల ఇంట్లో చోటు చూపించింది. ఇంకొక చిన్న కంపెనీ కరువు కథ ఒకటి తీస్తున్నది. అందులో మెట్టపొలం పేదరాలి వేషం, రెండే సీన్లు. మాట నాదే ఉండాలని అడిగాను. వాళ్లు పరీక్ష చేస్తామన్నారు. మొదటిసారి పనికిరాలేదు. అక్కడ శబ్దం చూసే ఆయన ముసలాయన, ఓర్పు ఉన్నవాడు. “నాటకం అనుకోవద్దు, సినిమా అనీ అనుకోవద్దు. పక్క మంచంమీది మనిషికి చెప్పు” అంటున్నాడు. సాయంత్రాలు పోయి అభ్యాసం చేస్తున్నాను. నోటికి యాడ వస్తే యాడ అనే అనమన్నారు, పేదరాలు కదా.

షూటింగు ఎండాకాలంలో. కుదిరితే జాబు రాస్తాను. కుదరకపోతే అప్పుడు ఆలోచిద్దాము.

ఓబులమ్మ


కర్నూలు
1955 నవంబరు

చెల్లెలు ఓబులమ్మకు అన్న ఆశీస్సులు.

నీ కరువు సినిమా మొన్న మన ఊరికి వచ్చింది. వాల్‌పోస్టరుమీద నీ బొమ్మ లేదు. నీవు రాసి ఉండకపోతే తెలిసేది కాదు. ఈసారి వీధిలో ఎవరికీ చెప్పలేదు. అయ్యన్న జట్కా ఒక్కటి పిలిచాను.

అమ్మ రానన్నది. “ఎవరి గొంతో ఇనేదానికి నేనెందుకురా?” అన్నది. పోయినసారి జనం నవ్వింది మరిచిపోలేదు. ఈసారి ఓబులమ్మే మాట్లాడుతుందని చెప్పాను. నమ్మలేదు. “నువ్వు అప్పుడూ అదే చెప్పినావు” అన్నది. చివరికి కృష్ణవేణమ్మ వచ్చి చీర కట్టి బయలుదేరదీసింది.

హాలులో జనం పలచగా ఉన్నారు. సగం సినిమా అయినా నీవు రాలేదు. అమ్మ కునుకు తీస్తున్నదేమో అనుకున్నాను. తర్వాత ఆ గుడిసె వచ్చింది. కొడుకు రోడ్డు పనికి పోయి పొద్దుగూకినాక ఇంటికి వస్తాడు. నీవు పొయ్యి దగ్గర కూర్చుని ఉన్నావు, ముఖం ఇటు తిప్పను కూడా తిప్పలేదు. కుండలో సంగటి ఇద్దరికి చాలదని మనకు కనపడుతున్నది. నీవు కుండలోకి చూస్తూ, “ఏం నాయనా, ఇంత పొద్దు జేసినావు? రా, ఇంత తిందువు” అన్నావు. అంతే. పద్యం లేదు, రాగం లేదు.

నా పక్కన అమ్మ, “నాకు ఆకలి ల్యా పాపా, నువ్వు తిను” అన్నది.

గట్టిగా అనలేదు. మన ఇంట్లో అన్నట్టే అన్నది. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూసి, మళ్లీ తెరవైపు తిరిగారు. ఎవరూ నవ్వలేదు. నేను తల వంచుకుని కూర్చున్నాను. నీ రెండో సీను నేను సరిగా చూడలేదు, మళ్లీ ఒకసారి పోయి చూస్తాను.

ఇన్నేండ్లు రాజు వేషం కట్టాను. జనం నా పద్యానికి ఏడ్చారు, చప్పట్లు కొట్టారు, శాలువాలు కప్పారు. ఎవరూ నాకు జవాబు చెప్పలేదు. ఇది ఏమిటో నాకు పూర్తిగా అర్థం కాలేదు గానీ, తక్కువ పని కాదని అర్థమయింది. మరునాడు కల్లూరులో ఆట ఉంటే ఎప్పటిలాగే సింహాసనం మీదినుంచి పడ్డాను, ఎప్పటిలాగే గొంతు ఎత్తాను. వెనక బండిమీద జనం ఉన్నారు, వాళ్లకు వినపడాలి. నేను తగ్గించను. సుబ్బక్కనూ తగ్గించనివ్వను. నీవు పెంచవద్దు.

సినిమా అయిన తర్వాత జట్కాలో అమ్మ పక్కన కూర్చున్నాను. వంతెన దాటిన తర్వాత నా మోకాలు తట్టి, “సుంకా, పాపకు జలుబు జేసినట్టుంది. గొంతు రవ్వంత బొంగురుగా ఉండాది. మిరియాల కషాయం కాంచుకుని తాగమని రాయి” అన్నది.

ఆ మాట నీవు ఎప్పుడో ఎండాకాలంలో చెప్పినదని నేను అమ్మతో అనలేదు. రాస్తానని చెప్పాను. కషాయం కాచుకుని తాగు.

అన్న
సుంకన్న